పాత మోటారు సైకిల్లో అసలు భాగాలను గుర్తుపట్టడం

(మలేషియాలో ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఈ సభలో మాట్లాడమని కోరినప్పుడు, నేను భాషను గురించో పండుగను గురించో మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఈ దేశంలో పుట్టిన మూడో తరం వాణ్ణి. మా తాతగారు ఓడ దిగి రబ్బరు చెట్లు గీసి బతికినవారు. నేను బడిలో లెక్కలు, సైన్సు చెప్పి పదవీ విరమణ చేశాను. తెలుగు అక్షరాలు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ తరగతిలోనే నేర్పుతున్నాను. ఇవి కాక నలభై ఏళ్ళుగా సెలవు రోజుల్లో నేను చేస్తున్న పని ఒకటుంది. పాత మోటారు సైకిళ్ళను విప్పి, తుప్పు వదల్చి, మళ్ళీ రోడ్డెక్కించడం. ఆ పనిలో అన్నిటికంటె కష్టమైన సంగతి ఒకటి ఈ పూట మీకు మనవి చేస్తాను. బండిలో ఏది ఆ బండితో పుట్టిన భాగం, ఏది తరువాత వచ్చి చేరినది అని తేల్చడం.

ఇది పండుగ సభలో చెప్పవలసిన మాటేనా అని మీకు తోచవచ్చు. మన ఇళ్ళ వెనుక షెడ్డుల్లో, కొబ్బరి మట్టల కింద, కోళ్ళ గూళ్ళ పక్కన, తాతలు నడిపిన బళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఎస్టేటులు ముక్కలై, కుటుంబాలు పట్టణాలకు తరలిపోతున్నప్పుడు ఇల్లు ఖాళీ చేసేవారికి వాటిని ఏమి చేయాలో తెలియదు. కొందరు ఇనుప సామాను వాడికి తూకానికి ఇచ్చేస్తారు. కొందరు మొదట వచ్చిన బేరగాడు చెప్పిన మాట నమ్మి అమ్మేస్తారు. కొందరు ప్రేమకొద్దీ కొత్త పెళ్ళికొడుకులా మెరిపించబోయి, ఉన్న అసలు సామానంతా పారేస్తారు. ఈ మూడింటిలో ఏది జరిగినా మళ్ళీ తెచ్చుకోలేము.

బాంటం అనే చిన్న బండి

బళ్ళన్నిటి గురించి చెప్పడానికి సమయం చాలదు. కనుక ఒక్క బండిని ఉదాహరణగా తీసుకుంటాను. అది బి.ఎస్.ఏ. బాంటం. బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకుల తయారీకి ఏర్పడిన కంపెనీ. అందుకే దాని వ్యాపార చిహ్నం ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. సైకిళ్ళ మీదుగా మోటారు సైకిళ్ళకు వచ్చింది. బాంటం 1948లో బయటికి వచ్చింది. మొదట ఎగుమతి కోసమే తయారైంది.

దాని పేరు మనకు దూరపు చుట్టమే. బాంటం అంటే పొట్టి జాతి కోడి. ఆ కోడికి ఆ పేరు మన పొరుగున జావా దీవిలో ఉన్న బాంటెన్ రేవు నుండి వచ్చింది. అంటే ఇక్కడి పేరు ఇంగ్లండు వెళ్ళి, బండి మీద కోడిపుంజు బొమ్మగా మళ్ళీ ఈ సముద్రాల వైపుకే తిరిగి వచ్చిందన్నమాట.

బండి నమూనా కూడా ఇంగ్లండులో పుట్టినది కాదు. జర్మనీలో చోపావ్ అనే ఊళ్ళోని డి.కె.డబ్ల్యు. కంపెనీ యుద్ధానికి ముందు చేసిన ఆర్.టి. 125 అనే బండి దానికి మూలం. యుద్ధంలో ఓడిన జర్మనీ నుండి పరిహారంగా ఆ నమూనా గెలిచిన దేశాలకు దక్కింది. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ వారు, రష్యాలో ప్రభుత్వ కార్మాగారాలు దాన్ని అనుసరించి బళ్ళు చేశాయి. జపానులో యమహా వారు 1955లో చేసిన తమ మొట్టమొదటి మోటారు సైకిలుకు కూడా అదే మూలం. ఇంగ్లండు వారు మాత్రం దాన్ని అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మార్చి, కొలతలు అంగుళాల్లోకి మార్చి గీసుకున్నారు. జర్మను బండికి గేరు ఎడమ కాలికి, బాంటంకు కుడి కాలికి. బొమ్మలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కదా అని ఒకదాని సామాను తెచ్చి మరొకదానికి బిగించబోతే కుదరదు. పోలిక వేరు, సంబంధం వేరు. ఇది మొదటి పాఠం.

మొదట నంబర్లు చూడండి

పానా చేతికి తీసుకోకముందే చేయవలసిన పని నంబర్లు చదవడం. ఫ్రేము నంబరు ముందు భాగంలో, హ్యాండిలు తిరిగే స్టీరింగు తల దగ్గర ఉంటుంది. ఇంజను నంబరు క్రాంక్‌కేసు మీద ఉంటుంది. మట్టి, పాత రంగు పేరుకొని ఉంటే కిరసనాయిలు, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయండి. ఉప్పుకాగితం గాని, ఆకురాయి గాని, గ్రైండరు గాని ఆ చోటికి రానివ్వకండి. పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. ఆ కాగితాన్ని గెరాన్‌తో పాటు దాచండి.

అంకెల ముందుండే అక్షరాలు బండి జాతకం చెబుతాయి. మొదటి రకం బాంటంను డి 1 అంటారు. వెనుక చక్రానికి స్ప్రింగు లేని గట్టి ఫ్రేము మీద వై.డి. 1 అని ఉంటుంది. 1950 నుండి వెనుక ఇరుసుకు రెండు వైపులా నిలువు స్ప్రింగులున్న ఫ్రేము కూడా వచ్చింది. దాని మీద వై.డి. 1 ఎస్. అని ఉంటుంది. యుద్ధకాలపు పెద్ద బండి ఎం. 20 అయితే డబ్ల్యు.ఎం. 20 అని ఉంటుంది. 496 సి.సి. గల ఆ బండ్లు యుద్ధంలో లక్షా ఇరవై వేలకు పైగా తయారయ్యాయి.

ఇప్పుడొక ముఖ్యమైన మాట. దయచేసి యువకులు దీన్ని జ్ఞాపకం ఉంచుకోవాలి. బి.ఎస్.ఏ. బళ్ళలో 1960ల చివరి వరకు ఇంజను నంబరు, ఫ్రేము నంబరు ఒకటిగా ఉండవు. ఫ్యాక్టరీలో ఇంజన్లకు ఒక వరుస, ఫ్రేములకు ఒక వరుస. రెండు నంబర్లు వేరుగా ఉన్నంత మాత్రాన బండి అతుకుల బొంత అని కాదు. పైగా 1950ల నాటి బి.ఎస్.ఏ.లో రెండు నంబర్లు అంకెకు అంకె ఒకటే అయితే అప్పుడు అనుమానించాలి.

రెండు నంబర్లూ కలిసి పుట్టినవే అని తెలుసుకోవడం ఎట్లా? మొదటి సాక్ష్యం పాత గెరాన్. అందులో రెండు నంబర్లు రాసి ఉంటాయి. రెండో సాక్ష్యం ఇంగ్లండులోని వింటేజి మోటార్ సైకిల్ క్లబ్బు. ఫ్యాక్టరీ నుండి ఏ బండి ఏ తేదీన ఎవరికి పంపారో రాసిన బి.ఎస్.ఏ. పుస్తకాలు వారి గ్రంథాలయంలో ఉన్నాయి. నంబర్లు పంపి, రుసుము చెల్లించి అడిగితే చూసి చెబుతారు.

ఇక ముద్ర కొట్టిన తీరు. ఆ రోజుల్లో అక్షరాలు ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టేవారు. కనుక వరుస కాస్త వంకరగా ఉండడం, ఒక అంకె లోతుగా, మరొకటి పైపైన ఉండడం సహజం. అనుమానించవలసినది అంకెల కింద ఉన్న లోహాన్ని. చుట్టూ పోత గరుకు ఉండి, నంబరు ఉన్న చోట మాత్రం కొత్తగా రాచిన గీతలు కనిపిస్తే, అక్కడ ఎవరో పాత నంబరు చెరిపి కొత్తది కొట్టి ఉండవచ్చు. అటువంటి బండి జోలికి పోవద్దు. నంబరు మార్చడం నేరం. పోలీసుల ముందు నిలబడవలసినది బండి చేతిలో ఉన్నవాడే.

కొలబద్ద అబద్ధమాడదు

నేను లెక్కల మాస్టారిని గనుక ఈ భాగం నాకు ఇష్టం. బాంటంలో చాలా రకాలు వచ్చాయి. డి 1 రకం 1948 నుండి 1963 దాకా తయారైంది. ఇంగ్లండులో తంతి బంట్రోతులు తిరిగింది ఎక్కువగా దాని మీదే. 1954లో డి 3, 1958లో డి 5, 1959లో డి 7 వచ్చాయి. తరువాత మరికొన్ని వచ్చి 1971లో బాంటం తయారీ ఆగిపోయింది. వీటి ఇంజన్లు పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని సిలిండరు మరొకదాని మీద పెట్టినవారు మన ఊళ్ళలోనే ఎందరో ఉన్నారు.

హెడ్డు విప్పి వెర్నియరుతో సిలిండరు లోపలి వ్యాసం కొలవండి. డి 1కి 52 మిల్లీమీటర్లు. డి 3కి 57. డి 5, డి 7లకు 61.5. పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం మాత్రం అన్నిటికీ 58 మిల్లీమీటర్లే. పిల్లలు లెక్క వేసి చూడవచ్చు. 52లో సగం 26. 26ను 26తో గుణించి, 3.1416తో గుణించి, 58తో గుణిస్తే సుమారు 1,23,000 ఘనపు మిల్లీమీటర్లు. అంటే 123 సి.సి. 57తో చేస్తే 148 వస్తుంది. 61.5తో చేస్తే 172 వస్తుంది.

మీ కొలత 52.5 వచ్చిందనుకోండి. కంగారు పడకండి. అరిగిన సిలిండరును బోరు చేయించి, కాస్త పెద్ద పిస్టను వేస్తారు. అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు పెంచితే అర మిల్లీమీటరు పెరుగుతుంది. అది పనిచేసిన బండి అనడానికి గుర్తు, దొంగ సామాను అనడానికి కాదు. 57 వస్తేనే అది వేరే రకం సిలిండరు.

చక్రాలకూ ఇదే పద్ధతి. డి 1కి 19 అంగుళాల రిమ్ము, టైరు మీద 2.75-19 అని ఉంటుంది. డి 7కి 18 అంగుళాలు. ముందు 19, వెనుక 18 ఉన్న బాంటంలు నేను చూశాను. వెనుక చక్రం విరిగిన రోజున దొరికిన చక్రం తగిలించి మర్నాడు పనికి వెళ్ళిన మనిషి కథ అది. ముందు మడ్‌గార్డు కూడా మాట్లాడుతుంది. మొదటి డి 1 బళ్ళకు మడ్‌గార్డు పక్కలు లోతుగా దిగి ఉంటాయి. అది ఫోర్కు పైభాగానికి బిగించి ఉంటుంది గనుక చక్రం ఎగిరినా అది ఎగరదు. అందుకే చక్రానికీ దానికీ నడుమ ఖాళీ ఎక్కువ. తరువాతి సంవత్సరాల్లో చక్రంతో పాటు కదిలే రకం వచ్చింది. మొదటి సైలెన్సరు చివర చేప తోకలా నొక్కినట్టు ఉంటుంది. తరువాత గుండ్రని గొట్టం వచ్చింది.

మరల భాష

నట్లు బోల్టుల దగ్గరే ఎక్కువ బళ్ళు పాడయ్యాయి. ఈ దేశంలో 1960ల తరువాత జపాను బళ్ళు నిండిపోయాయి. వర్క్‌షాపుల్లో ఉండేవి మిల్లీమీటరు బోల్టులు, మిల్లీమీటరు పానాలు. బాంటంలో ఉన్నవి అంగుళపు మరలు. అందులోనూ ఒక రకం కాదు. సైకిలు మర అనే రకంలో సన్న బోల్టులకు అంగుళానికి 26 చుట్లు, గాడి కోణం 60 డిగ్రీలు. విట్‌వర్త్, బి.ఎస్.ఎఫ్. రకాలకు కోణం 55 డిగ్రీలు. బి.ఎస్.ఎఫ్.లో పావంగుళం బోల్టుకూ 26 చుట్లే ఉంటాయి. సైజు పెరిగే కొద్దీ అవి తగ్గుతాయి. 5/16 అంగుళానికి 22, 3/8కి 20. సైకిలు మరకు మాత్రం ఆ సైజుల్లోనూ 26 చుట్లే.

మిల్లీమీటరు బోల్టు ఎట్లా మోసం చేస్తుందో చూడండి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు ఒక్కో చుట్టు ఒక మిల్లీమీటరు. అంటే అంగుళానికి 25.4 చుట్లు. పావంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, 26 చుట్లు. కనుక 6 మిల్లీమీటర్ల బోల్టు ఆ రంధ్రంలోకి హాయిగా తిరుగుతూ పోతుంది. బిగిసినట్టే ఉంటుంది. కాని అది గాడి అంచులను మాత్రమే పట్టుకొని ఉంటుంది. గట్టిగా బిగించిన రోజున మెత్తని అల్యూమినియం మర ఊడి చేతికి వస్తుంది. అందుచేత బోల్టు తల మీద 8.8 అని అంకె కనిపిస్తే అది మిల్లీమీటరు కాలపు బోల్టు, పాత బండితో పుట్టినది కాదు అని తెలుసుకోండి. ఆ రంధ్రంలో ఇంకా ఏమి మిగిలిందో మర గేజితో చూసి గాని సరైన బోల్టు పెట్టకండి.

పానాల సంగతి కూడా చెప్పాలి. పాత ఇంగ్లీషు పానా మీద 1/4 అని ఉంటే దాని నోరు పావంగుళం అని కాదు. బోల్టు కాండం పావంగుళం అని అర్థం. నోరు 0.525 అంగుళం, అంటే 13.3 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పట్టదు, 14 పానా జారుతుంది. నట్టుల మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే 14 పానా పెట్టి తిప్పారని తెలుసుకోవచ్చు. అరిగిన నట్టు అయినా అది అసలు నట్టే. పారేయకుండా ఒక డబ్బాలో వేసుకోండి.

పేర్లు, గుర్తులు, రంగులు

ఫ్యాక్టరీ అన్ని భాగాలూ తానే చేయదు. కార్బరేటరు అమాల్ వారిది. దాని ఒంటి మీద పేరు, రకం సంఖ్య ముద్రించి ఉంటాయి. విద్యుత్ సామాను బాంటంలో ఎక్కువగా విపాక్ వారిది. 1950ల మొదటి కొన్ని ఏళ్ళలో కొన్ని బళ్ళకు లూకాస్ వారి సామాను వేశారు. రెండు రకాల భాగాలను కలగలపరాదు. లూకాస్ వస్తువుల మీద చాలా వాటికి తయారైన నెల, సంవత్సరం చిన్న అంకెల్లో కొట్టి ఉంటాయి. 3 52 అని ఉంటే 1952 మార్చి. ఆ తేదీ బండి తేదీకి కొద్ది నెలల ముందుంటే మంచిది. ఏళ్ళ తరువాతి తేదీ అయితే అది మార్చిన భాగం. స్మిత్స్ వారి మీటరు ముఖం మీద కింద సన్నని అక్షరాల్లో ఒక కోడు ఉంటుంది. భాగాల పుస్తకంతో దాన్ని పోల్చి చూడవచ్చు.

భాగాల పుస్తకం అంటే ఫ్యాక్టరీ వేసిన బొమ్మల జాబితా. బాంటం భాగాల సంఖ్యలు చాలావరకు 90తో మొదలవుతాయి. 40తో మొదలైతే అది సి. 15 అనే వేరే బండి కుటుంబానిది. అయితే ఒక జాగ్రత్త. పోత మీద ఉబ్బెత్తుగా ఉన్న సంఖ్య, పుస్తకంలోని సంఖ్య ఒకటి కాకపోవచ్చు. పోత సంఖ్య అచ్చులోంచి వచ్చిన ముడి ముక్కది. దానికి పని పట్టి రంధ్రాలు వేసిన తరువాత అది పుస్తకంలోని సంఖ్య పొందుతుంది. ఒకే పోత నుండి రెండు భాగాలు చేయవచ్చు. అందుచేత సంఖ్య కలవలేదని తొందరపడి భాగాన్ని తీసేయవద్దు.

రంగు విషయంలో ఓపిక కావాలి. మొదటి బాంటంలు పొగమంచు పచ్చ అనే లేత ఆకుపచ్చ రంగులో, ట్యాంకు పక్కల మీగడ రంగుతో వచ్చేవి. మీ బండి నల్లగానో ఎర్రగానో ఉంటే ఎండ తగలని చోట వెతకండి. ట్యాంకు అడుగున, సామాను డబ్బా లోపల, సీటు స్ప్రింగుల కింద. అక్కడ తడిపిన సన్నని ఉప్పుకాగితంతో గోరంత చోట నెమ్మదిగా రుద్దితే చెట్టు మొదట్లో వలయాల్లా రంగుల పొరలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అన్నిటికంటె అడుగున, ఎర్రటి లేదా బూడిద రంగు అస్తరు మీద ఉన్నది ఫ్యాక్టరీ రంగు. మెరుగుపూత గురించి కూడా ఒక మాట. 1951, 1952 ప్రాంతంలో కొరియా యుద్ధం వల్ల నికెలు కొరత వచ్చి, బ్రిటిష్ కంపెనీలు మెరుగుపూత తగ్గించి రంగు వేశాయి. నట్లు బోల్టులకు ఆ కాలంలో కాడ్మియం పూత వేసేవారు. అది మసక బూడిద రంగులో ఉంటుంది. అద్దంలా మెరిసే బోల్టు కొత్తది. మెరుపు ఎక్కువైన కొద్దీ అసలుతనం తగ్గుతుంది.

ఇక నకలు భాగాలు. ఇంగ్లండులోనూ భారతదేశంలోనూ ఇవి తయారవుతున్నాయి. నేను వాటిని నిందించను. అవి లేకపోతే చాలా బళ్ళు కదలవు. పిస్టను రింగులు, రబ్బర్లు, కేబుళ్ళు, బ్రేకు లైనింగులు కొత్తవే వేయాలి. ప్రాణం వాటి మీద ఆధారపడి ఉంది. కాని నకలును అసలు ధరకు కొనకూడదు. మడ్‌గార్డుకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటకపోతే అది ఫైబరు. ట్యాంకు మీద ఒకచోట గట్టిగా, మరొకచోట బలహీనంగా పడితే అక్కడ లప్పం మందంగా ఉంది. అరుగుదలను చూడండి. గేరు లివరు, అది కూర్చునే ఇరుసు కలిసి అరిగి ఉంటే అవి ఏళ్ళ తరబడి కలిసి కాపురం చేసినవి. ఒకటి అరిగి ఒకటి కొత్తగా ఉంటే రెండిట్లో ఒకటి పరాయిది. క్రాంక్‌కేసు రెండు సగాలు జతగా పని పట్టినవి. అతుకు మీద గోరు నడిపితే మెట్టు తగలకూడదు.

ఒక కుటుంబం కథ

మూడేళ్ళ కిందట నా తరగతి విద్యార్థి ఒకడు పాఠం అయ్యాక ఆగిపోయాడు. పెరాక్ రాష్ట్రం దిగువన కొబ్బరి తోటల వైపు వాళ్ళది. “మాస్టారూ, మా తాతయ్య బండి అసలుది కాదట. రెండు నంబర్లు వేరేగా ఉన్నాయట. బేరగాడు ఎనిమిది వందల రింగిట్లు ఇస్తానన్నాడు. మామయ్య ఇచ్చేద్దామంటున్నారు. అమ్మమ్మ రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు” అన్నాడు. శనివారం వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

వై.డి. 1 ఎస్. ఫ్రేము. ముద్ర చుట్టూ పోత గరుకు చెక్కు చెదరలేదు. అమ్మమ్మగారు బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాత గెరాన్ తీసి ఇచ్చారు. రెండు నంబర్లూ అందులో ఉన్నాయి. పెన్సిలుతో రుద్దిన కాగితం పక్కన పెట్టి మనవడి చేత చదివించాను. అంకెకు అంకె సరిపోయాయి. సిలిండరు 52.5. విపాక్ సామాను దానిదే. వెనుక చక్రం 18 అంగుళాలది, పరాయిది. కార్బరేటరు ఏదో జపాను బండిది. పదకొండు బోల్టులు మిల్లీమీటరువి. అంటే బండి వెన్నెముక, గుండె రెండూ అసలువి. చెయ్యి కాలు మాత్రం మారాయి. ఆ మాట చెప్పగానే మామయ్యగారు బేరగాడికి ఫోను చేసి వద్దన్నారు.

కష్టమైన ప్రశ్న తరువాత వచ్చింది. బండి వెనుక ఒక బరువైన ఇనుప క్యారియరు ఉంది. ఫ్యాక్టరీది కాదు. ఎస్టేటు కమ్మరి చేసి ఫ్రేముకు బోల్టులతో బిగించినది. సుత్తి దెబ్బలు కనిపిస్తున్నాయి. మనవడు భాగాల పుస్తకం పట్టుకొని, “ఇది లిస్టులో లేదు మాస్టారూ, తీసేద్దామా?” అన్నాడు. వాడు అడిగింది సరైనదే. నేను ఇంతసేపు చెప్పిన నియమాల ప్రకారం అది పరాయి భాగం. అప్పుడు అమ్మమ్మగారు గుమ్మంలోంచి అన్నారు. “నీళ్ళొచ్చిన ఏడు మీ అమ్మ నా కడుపులో ఉంది బాబూ. దాని మీదే కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అది తీసేస్తే ఆ బండి నాకెందుకు?”

పుస్తకం ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఈ బండి ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజున ఎలా ఉంది అనే ప్రశ్నకు. ఆ బండి మన ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఎలా బతికింది అనే ప్రశ్నకు పుస్తకంలో పేజీ లేదు. పోటీలో నిలబెట్టే బండి అయితే మొదటి ప్రశ్న ముఖ్యం. ఇంటి బండి అయితే రెండో ప్రశ్న కూడా ముఖ్యం. క్యారియరు అలాగే ఉంచాం. 19 అంగుళాల చక్రం వెతికి తెచ్చాం. అమాల్ కార్బరేటరు పాతది ఒకటి దొరికింది. తీసేసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, ఎక్కడి నుండి ఎప్పుడు తీశామో రాసి పెట్టెలో పెట్టాం. చీటీలు మనవడు తెలుగులోనే రాశాడు. ఇప్పుడు ఆ బండి నడుస్తోంది.

ఈ తీర్పు నాకు తరగతి గదిలోనూ పనికి వస్తుంది. పిల్లలకు పుస్తకంలోని తెలుగు నేర్పుతాం, నేర్పి తీరాలి. అది మన భాగాల పుస్తకం. కాని ఇంట్లో నానమ్మ మాటల్లో శ్రీకాకుళం యాస ఉంటుంది, మలయ్ మాట ఒకటి, తమిళ మాట ఒకటి కలిసిపోయి ఉంటాయి. అవి తప్పులని ఆకురాయి పెట్టి రాచేస్తే, ఈ నేల మీద నాలుగు తరాలు మన భాష ఎలా బతికిందో చెప్పే ఆనవాలు పోతుంది. ఏది పుస్తకపు మాటో, ఏది దారిలో చేరిన మాటో పిల్లలకు తెలియాలి. తెలిసిన తరువాత రెండింటినీ దాచుకోవచ్చు. తెలియకపోతేనే రెండూ పోతాయి.

చివరిగా మనవి

ఇంట్లో పాత బండి ఉన్నవారికి కొన్ని పనులు మనవి చేస్తాను. ఏమీ విప్పకముందే నలువైపులా ఫోటోలు తీయండి. నంబర్లు కాగితం మీదికి రుద్దుకొని గెరాన్‌తో సరిచూడండి. విప్పిన ప్రతి ముక్కనూ, వంగిన నట్టుతో సహా, చీటీ కట్టి దాచండి. కొత్త భాగం వేసినప్పుడు పాతది పారేయవద్దు. తిరిగి మార్చలేని పని, అంటే కోయడం, అతికించడం, నంబరు దగ్గర రాచడం ఏదీ చేయవద్దు. బేరగాడు మీ బండి అసలుది కాదని చెబితే, ఏ భాగం కాదో, ఎట్లా తెలిసిందో చూపించమని అడగండి. చూపించలేనివాడికి తొందర ఎక్కువ ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ బండి నడిపిన మనిషిని ఎరిగిన పెద్దలు ఇంట్లో ఉంటే ఈ పండుగ సెలవుల్లోనే వారి పక్కన కూర్చొని అడగండి. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏది విరిగింది, ఎవరు బాగుచేశారు అని రాసుకోండి. వెర్నియరు కొలవలేని సంగతులు వారి దగ్గర ఉన్నాయి. చక్రం ఇంగ్లండు నుండి తెప్పించుకోవచ్చు. ఆ మాటలు ఎక్కడి నుండీ తెప్పించుకోలేము.